గడ్డి ఎండకుండా కాపలా కాసిన ఓబులక్క

ఓబులక్కని ఒక అవ్వ. మేకలు కాసుకుంటాది. కూతురు పోయినాక మనవరాలు లలితను తనే సాకుతాండాదంట. ఆ పాప మూడో తరగతి. ఏమైందంటే, ఒకనాడు సాయంత్రం బడి నుంచి ఏడ్చుకుంటా వచ్చింది. ఏం పాపా, ఎవురు కొట్టిరి అంటే, ఎవురూ కొట్టలేదవ్వా, టీచరమ్మ నన్ను గడ్డిని చేసింది, మిడత నన్ను తినింది, కుందేలు గూడా తినింది, రేపు నేను చచ్చిపోవాలంట అనిందంట. ఓబులక్కకు తల తిరిగిపోయింది. గడ్డేంది, తినేదేంది, చచ్చేదేంది? మరి నీతో చదివే రేషన్ డీలరు కొడుకో అని అవ్వ అడిగితే, వాడు కప్పవ్వా, వాడు మిడతని తింటాడు అనిందంట. సరిపోయింది పో! ఉండేది ఈ ఒక్క పాప, దీన్ని గూడా చంపుకుంటానా, రేపే పోయి బడిలో నీ పేరు కొట్టేయించి నాతో మేకల కాడికి తోలుకుపోతా అనిందనుకో.

అన్నట్టే పొద్దున్నే పాపను రెక్క పట్టుకోని బడికి పోయింది. టీచరమ్మ కొత్త పిల్ల, నెమ్మదస్తురాలు. అవ్వా, ఇది ఆట, ఏది దేన్ని తిని బతుకుతాదో పిల్లోళ్ళకు తెలియాల గదా, కూర్చోని చూడు, ఆమింట పేరు కొట్టేయాల్నో వద్దో నీ ఇష్టం అనిందంట. పిల్లోళ్ళు గుండ్రంగా నిలబడిరి. పురికొస ఉండ తెచ్చి గడ్డి చేతిలోంచి మిడతకి, మిడత నుంచి కప్పకి, కప్ప నుంచి పాముకి, పాము నుంచి గద్దకి, మళ్ళా గడ్డి నుంచి కుందేలికి, కుందేలు నుంచి గద్దకి, అటూ ఇటూ లాగేసరికి నులకమంచం అల్లినట్టయింది. ఓబులక్కకు ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు. కప్పను పాము తినేసింది గదా, మళ్ళా ఆ కప్ప ఆడనే నిలబడి ముక్కు చీదుకుంటాండాదే! ఏమ్మే, కథ వింటా నవ్వొద్దు, ఆడ నువ్వుండినా అంతే. అప్పుడు టీచరమ్మ, ఈ ఏడు వానల్లేవు, గడ్డి ఎండిపోయింది, లలితా, కొస లాగి కూర్చో, నీ కొస ఎవురి చేతిని లాగితే వాళ్ళూ కూర్చోవాల అనిందంట. లలిత కూర్చోలా. కొస పిడికిట్లో బిగించి, కండ్లనిండా నీళ్ళు. నేను చస్తే వీళ్ళంతా చస్తారు మేడం, నేను చావను అనిందంట. ఆటే గదమ్మా అంటాది టీచరమ్మ. పాప వినదు. మిగిలిన పిల్లోళ్ళు కూర్చోవాల్నో నిలబడాల్నో తెలీక సగం వంగి అట్లే ఉండారు.

ఓబులక్క ప్రాణం ఉసూరుమనింది. ఆమెకు తెలిసిందల్లా ఒకటే, వానల్లేవు. వానల్లేకపోతే మనమేం చేస్తాం, చెప్పండి? రోకలికి కప్పను కట్టి, వేపరొట్ట చుట్టి, వాన రావాలని ఇల్లిల్లూ తిప్పితే ఆడోళ్ళు బిందెడు నీళ్ళు పోస్తారా లేదా? కప్ప ఎదురుగ్గానే ఉండాది గదా! వేపరొట్ట విరిచి డీలరు కొడుకు నెత్తిన పెట్టి, అన్నం వండే కాడ ఉండే నీళ్ళ బక్కెట ఎత్తి వాని మింద గుమ్మరించేసిందంట. వాడు కెవ్వుమన్నాడు. వాన పడింది, ఇంగ నా మనవరాలు చావాల్సిన పన్లేదు, నిటారుగా నిలబడండి పిల్లోళ్ళారా అనిందంట ఈయమ్మ. పిల్లోళ్ళు గంతులే గంతులు. లలిత కొస వదలకుండానే నవ్వింది.

టీచరమ్మ కొంగుతో ఆ పిల్లోని తల తుడుస్తా, అవ్వా, ఇది పాఠంలో లేదు గదా అనిందంట. వాన లేని పాఠం పసిపిల్లోళ్ళకు ఎందుకమ్మా అనింది ఓబులక్క. టీచరమ్మ హాజరు పుస్తకం చేతికి తీసుకునింది. పేరు కొట్టేయమంటావా అవ్వా అని భయపడతా అడిగిందంట. ఓబులక్క పాప మొకం చూసింది, తడిసిన కప్పను చూసింది, ఏమీ పాలుపోలా. ఉండనీలే, కానీ మళ్ళా ఎప్పుడన్నా గడ్డిని ఎండబెట్టాలనుకుంటే ముందురోజే నాకు కబురు పంపు అని మేకల కాడికి పోయిందంట. ఆ ఆటేందో, దాంట్లో చదువేందో ఆయమ్మకు ఇప్పటికీ తెలీదు, నాకూ తెలీదు. బిందె చంకన పెట్టుకోని ఓబులక్క బడి దారి పట్టిందంటే మాత్రం, ఆ పొద్దు ఏ పాఠమో మా ఊరంతటికీ తెలిసిపోతాది.