యజ్ఞనారాయణ పోసిన తూటాలు

ఏదీ, ఆ గిన్నె ఇలా పట్రా తల్లీ. సత్తు గిన్నే, అచ్చం తగరం. ఇక్కడ షెఫీల్డ్‌లో దొరికిందా, ఆన్‌లైన్‌లో తెప్పించావా? పోన్లే, ఎక్కడిదైతేనేం, బాగుంది. చారుకి ఇదే ఉండాలి. కానీ దీన్ని ఖాళీగా మాత్రం స్టవ్ మీద పెట్టకు. లోపల చారు ఉన్నంతసేపూ దీనికేం కాదు, అది ఇంకిపోయిందా, గిన్నె కూడా కరిగి కిందకి జారిపోతుంది. నవ్వుతావేం? మా యజ్ఞనారాయణా ఇలాగే నవ్వాడు. నువ్వెరగవు, నువ్వు పుట్టకముందే పోయాడు. రాజమండ్రి వాడు. అరవైల్లో నాతోపాటు ఇక్కడికొచ్చి, నాతోపాటే హాస్పిటల్లో చేరాడు, మత్తు డాక్టరు. వారమంతా మనుషుల్ని నిద్రపుచ్చడం, ఆదివారం వస్తే పిస్తోలు పట్టుకోవడం. అవును, నిజం పిస్తోలే. అప్పట్లో పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకుని క్లబ్బులో చేరితే కాల్చుకోవచ్చు. మనవాళ్ళందరూ శనాదివారాలు పేకాట ఆడుకుంటుంటే నీకిదేం పిచ్చిరా అంటే, "పేకాటలో మాట్లాడాలిరా, అక్కడైతే ఊపిరి బిగబట్టి నించుంటే చాలు" అనేవాడు. మాటలు తక్కువ మనిషిలే. అదే వాడి కొంప ముంచబోయింది, చెప్తా ఉండు.

ఆ క్లబ్బులో ఒక పట్టుదల ఉండేది. ఎవరి తూటాలు వాళ్ళే సీసం కరిగించి అచ్చులో పోసుకోవాలి, కొన్నవి కాలిస్తే చిన్నచూపు. అందులోనూ రెండు పార్టీలు. నార్మన్ అని ఒక సొలిసిటరు, ఆయనది గరిటె పార్టీ. ఇనప కుండలో కరిగించి, గరిటెతో ముంచి, గరిటె మూతి అచ్చు నోటికి ఆనించి తాపీగా పోయాలంటాడు. జెఫ్రీ అని సంగీతం మాస్టారు, ఆయనది కరెంటు కుండ పార్టీ. దానికి అడుగున చిల్లుంటుంది, మీట ఎత్తితే ధారగా పడుతుంది. తెట్టంతా పైనే ఉండిపోతుంది, కిందనించి శుభ్రమైన సీసం వస్తుంది. నార్మనేమో గొంతు సవరించుకుని, "మై డియర్ డాక్టర్, ఆ చిల్లు కుండ జలుబు చేసిన ముక్కు, దాని కారుడు ఆగదు" అనేవాడు. జెఫ్రీ సన్నగా ఈల గొంతుతో, "గరిటెలు సూప్ వడ్డించుకోడానికండీ" అనేవాడు. మనవాడు గరిటె పార్టీలో కలిశాడు. చిన్నప్పటినించీ పంక్తిలో చారు వడ్డించిన చెయ్యి నాది, నాకు మీటలేవిట్రా అనేవాడు. ఆ రెండు పార్టీలకీ కుదిరిన మాట ఒకటే. కుండ ఇనపదే అయ్యుండాలి. నీటి చుక్క పడకూడదు, పడిందా, మరిగే సీసం ఎగిరి మొహాన పడుతుంది. సీసం ముట్టిన గిన్నె మళ్ళీ వంటింటి గడప తొక్కకూడదు.

ఇక ఇంట్లో సంగతి. వాడి భార్య సుభద్ర పెళ్ళయి కొత్తగా వచ్చింది. ఆ పిల్లకి ఇక్కడ ఏదీ పట్టలేదు. ఈ చలీ, నాలుగింటికే పడే చీకటీ, పలకరించే దిక్కులేని వీధీ. మొగుడా, నోరు విప్పడు. వాళ్ళమ్మ సారెలో ఇచ్చిన సత్తు గిన్నె ఒకటి వెంట తెచ్చుకుంది. లండన్ పక్కన హేస్ నించి ఎవరైనా చింతపండు తెచ్చిపెడితే ఆ గిన్నెలో చారు కాచుకుని, ఆ పూట మాత్రం కాస్త కళగా ఉండేది. "అక్కయ్యా, వేసవిలో వెళ్ళిపోతాను, ఇక రాను" అని మా ఆవిడ హైమావతితో చెప్పేసింది. అప్పటికి తను నిజంగా వెళ్ళిపోయేదే. వాడికీ తెలుసు. తెలిసి, ఏం చెప్పాలో తోచక, షెడ్డులో దూరి తూటాలకని పాత సీసం గొట్టాలు కోసుకుంటూ కూర్చునేవాడు.

ఒక ఆదివారం సుభద్ర మా ఇంటికొచ్చింది. వచ్చే శనివారమే క్లబ్బు పోటీ, వాడి దగ్గర తూటాల్లేవు. ఇనప కుండకి బీట పడింది. ఆ రోజుల్లో ఆదివారం ఒక్క షాపూ తెరిచేవాళ్ళు కాదుగా. వంటింట్లో చూస్తే సుభద్ర గిన్నె కనపడింది. సత్తుదని వాడికి తెలీక కాదు. "ఖాళీగా పెట్టకండి" అని సుభద్ర చెప్పిన మాటా గుర్తే. మరి వాడి లాజిక్కేవిటో తెలుసా? ఖాళీగా ఎక్కడ పెట్టాను, నిండా సీసం వేశానుగా అని. ఎంబీబీయెస్సూ, పైన ఇక్కడి ఫెలోషిప్పూ చేసిన బుర్ర. నాకు ఫోన్ చేసి, "ఒరే, రా" అని పెట్టేశాడు. వెళ్ళి చూద్దును కదా, స్టవ్ కింద పెట్టిన రేకు పళ్ళెంలో వెండిలా మెరుస్తూ మడుగు, అందులో సీసం ముక్కలు చెక్కుచెదరకుండా కూర్చునున్నాయి. సత్తు ముందు కరుగుతుందమ్మా, సీసానికి ఇంకా వేడి కావాలి. నాకు నవ్వాగలేదు. వాడి మొహం చూసి ఆపుకున్నాను. "గిన్నె పోయింది. ఇక సుభద్రా వెళ్ళిపోతుంది" అన్నాడు.

"పోతే పోయింది, చెత్తలో మాత్రం పారెయ్యను" అని, కారేసుకుని వెళ్ళి నార్మన్ దగ్గర ఇనప కుండ అరువు తెచ్చాడు. మడుగూ, సీసం ముక్కలూ అన్నీ అందులో వేసి కరిగించాడు. మురికి పైకి తేలాలని చిన్న కొవ్వొత్తి ముక్క వేసి కలిపి, తెట్టు తీసేసి, గరిటెతో పోయడం మొదలెట్టాడు. మొదట పోసినవి ముడతలు పడ్డాయి, అచ్చు వేడెక్కాలిగా, పెనం మీద మొదటి అట్టులాగే. అవి మళ్ళీ కుండలో పడేశాడు. ఆ తరవాత వచ్చాయి చూడూ, గాజుగోళీల్లా నున్నగా, అంచులు తీర్చినట్టు. సత్తు కలిస్తే సీసం అచ్చులో మూలమూలకీ పారుతుందట. కుండ తిరిగివ్వడానికి వెళ్తే నార్మన్ కళ్ళజోడు పెట్టుకుని తిప్పి తిప్పి చూసి, "ఏం కలిపావు డాక్టర్?" అన్నాడు. "మా అత్తగారి గిన్నె" అన్నాడు వీడు. ఆయన చెప్పకూడని రహస్యం కాబోలనుకుని ఊరుకున్నాడు.

సుభద్రకి దాచలేదులే. ఇంటికి రాగానే జరిగింది చెప్పి, తూటాల డబ్బా ముందు పెట్టాడు. ఆ పిల్ల ఒక్క మాటా అనలేదు. వారమంతా అంతే. అరిచినా బాగుండేదిరా అన్నాడు నాతో. శనివారం పొద్దున్న చీరమీద ఓవర్‌కోటు వేసుకుని వచ్చి కార్లో కూర్చుంది. పోటీలో వాడెలా కాల్చాడో నాకు గుర్తులేదు, మేమెవరమూ చూడలేదు, మా చూపంతా ఈ పిల్ల మీదే. పోటీ అయ్యాక లేచి వెళ్ళి, "నాకివ్వండి. మా అమ్మ గిన్నె మీరొక్కరే కాల్చేస్తారా?" అంది. నార్మన్ పక్కన నించుని పట్టుకోవడం నేర్పాడు. మొదటిది వెనకాల ఇసకగట్టులోకి పోయింది. రెండోది కాగితం అంచుకి తగిలింది. మూడోది నల్ల చుక్కలో పడింది. అప్పుడు నవ్వింది చూడు సుభద్ర, షెఫీల్డ్ వచ్చాక అంత గట్టిగా నవ్వడం నేను వినడం అదే మొదలు. వీడు కూడా పక్కన నించుని నోరారా నవ్వాడు. ఎంత సంతోషమేసిందో నాకు.

"ఇంకా ఎన్నున్నాయి?" అంది. డబ్బాడున్నాయి అన్నాడు. "అవన్నీ నావి. అవి అయిపోయాకే నేను పుట్టింటికి వెళ్ళేది" అంది.

ఇంకేం, వాడు అయిపోనిస్తాడా? అందరూ వెళ్ళాక ఆగి, ఇసకగట్టు తవ్వి, నలిగిన సీసం ఏరుకొచ్చేవాడు. కరిగించడం, మళ్ళీ పోయడం. ఎప్పుడు చూసినా డబ్బా నిండే. వానలో కూడా తవ్వేవాడు, తెచ్చింది స్టవ్ పక్కన ఆరబెట్టుకునేవాడు. పిల్లలు పుట్టారు, ఇల్లు మారారు, వాడి తవ్వకం మాత్రం ఆగలేదు. అయిపోయాయా అని సుభద్ర అడిగేది, ఇంకా ఉన్నాయి అనేవాడు. మాటలు తక్కువ వాడని చెప్పాగా, ఉండిపో అని నోటితో ఒక్కసారీ అనలేదు. పాపం ఆవిడకి తెలీదా అంటావా? ఒట్టి చేతుల్తో ఇసకలో ఏరుకుంటున్నాడని, మార్కెట్టంతా తిరిగి వాడికి జల్లెడ కొనిచ్చింది ఎవరనుకున్నావు మరి.

ఆ కర్టెన్ కాస్త లాగు తల్లీ, ఎండ మొహాన కొడుతోంది.