పేజీ తిప్పకముందే

నేను అక్షరాలు నేర్చుకుని మూడేళ్లే అయింది. ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది. తప్పులుంటే మన్నించండి. ఉప్పల్‌లో ఈ-రీడర్, అంటే తెర మీద పుస్తకాలు చదువుకునే మిషన్, కొనడానికి వెళ్లి నేనూ మనుమరాలూ మాట్లాడుకున్న మాటలివి.

"అమ్మమ్మా, చిన్నది కొత్తది. పెద్దది ఎవరో వాడింది, మూలకు గీత పడ్డది. ఏది గావాలె?"

"చిన్నదే. ప్రార్థన కూడికల అందరి ముంగట పాతది ఎట్ల తీస్త?"

"సరే. అక్షరాలు నీ కంటికి తగ్గట్టు పెద్దగ జేసిన. నీకిష్టమైన కీర్తన సదువు."

గడగడా చదివాను.

"మస్తు సదివినవ్. కని పేజీ తిప్పనే లేదు. తెర మీద నాలుగు మాటలే ఉన్నయ్."

"నోటికొచ్చింది గదనే."

"కూడికల గూడ గిట్లనేనా?"

"అక్షరాలు రాని రోజులసంది గంతే. పుస్తకం ముంగట పట్టుకుంట, కండ్లు మూసుకుంట. భక్తి అనుకుంటరు."

"మరి ఈ ఆదివారం?"

"పాస్టరయ్య నేను ఎన్నడు వినని భాగం ఇచ్చిండు. పుస్తకంల అక్షరాలు కండ్లకు ఆనుతలెవ్వు, గందుకే ఈ మిషన్."

"అయితే ఆ భాగమే సదువు, చిన్నదాంట్ల."

"పేజీ తిప్పెటాలకు ముందటి మాట మర్సిపోతున్ననే."

"పెద్దదాంట్ల?"

"వాక్యమంత ఒక్కకాడ ఉన్నది. మెల్లగొస్తది, కని వస్తది."

"పాతది గద, అందరు సూస్తరు."

"సూడనీ. గీత మీద బొటనేలు పెడ్త."

ఆదివారం ఆ భాగాన్ని ఆగి ఆగి, కళ్లు తెరిచి చదివాను. కూడిక అయ్యాక అందరూ నా చుట్టూ చేరి, ఇన్నేళ్లూ అంత బాగా చదివేదానివి, ఇప్పుడేమైందని జాలిపడ్డారు.

సువార్తమ్మ, అరవై ఎనిమిదేళ్లు, నాచారం.