రెండు దెబ్బలు, ఒక ఆగుడు

చౌడమ్మని ఒకావిడ ఉండేది మా దేవాంగుల వీధిలో, మా యింటికి నాలుగు గడపల అవతల. గట్టి మనిషి. మగ్గం గుంటలో దిగిందంటే పొద్దు వాలిందాకా ఎక్కేది కాదు. ఆవిడ మామ రామలింగం. ఆయన సంగతి ముందు చెప్పాల, లేకపోతే కథ నడవదు. అప్పట్లో మా వీధిలో నలభై మగ్గాలు ఆడేయి. కళ్ళు మూసుకుని నడిచినా సరే, చప్పుడుని బట్టి ఏ మగ్గం మీద ఎవరున్నారో చెప్పేవాళ్ళం. గుంటలో కాళ్ళతో తొక్కితేనే మగ్గం ఆడేది. రామలింగానికి ఎడమ మోకాలు పట్టేసింది, అందుకని రెండు దెబ్బలు కొట్టి ఒకటి ఆగేవాడు. టకా టకా, ఆగుడు. టకా టకా, ఆగుడు. ఆయన నేసే కోటకొమ్మ అంచూ అంతే. అదేనే, కోట గోడ మీద పళ్ళల్లే వరసగా కొమ్మలుంటయ్యే, ఆ అంచు. అందరూ వరసాగ్గా వేస్తే ఈయన రెండు కొమ్మలేసి ఒకటి ఖాళీ వదిలేవాడు. చూడంగానే ఇది రామలింగం చీర అని చెప్పేవాళ్ళు.

ఏమైందంటే, ఒక చీర సగంలో ఉండగా మగ్గం మీదే తల వాల్చేశాడాయన. ఇప్పుడు మాకో కట్టడి ఉంది. మగ్గం మీద పోయినోడి చీరని ఇంట్లోవాళ్ళు పన్నెండో రోజులోపు అదే అంచుతో పూర్తి చెయ్యాల. చేసి, మగ్గం మీదున్న ఆయన పడుగు, అదే నిలువు దారాలన్నీ కోసి పారేసి, కొత్త పడుగు మొదట్నించీ ఒక్కొక్క పోగూ ఎక్కించుకోవాల. మామూలప్పుడు అట్టా చెయ్యం, పాత కొసలకి కొత్త కొసలు మెలేసి అతుకుతాం, పూట పని. మొదట్నించీ ఎక్కించాలంటే రెండు రోజులు, కళ్ళు పోతయ్యి. చౌడమ్మ ఏం చేసిందీ, దినాలు కాంగానే ఆ సగం చీర కోసి చుట్టబెట్టి అటకెక్కించి, చచ్చిపోయినోడి దారాలకే కొత్త దారాలు అతికేసింది. మొగుడు శేషగిరి అన్నాడంట, ఏమే, అట్టా చెయ్యొచ్చంటావా అని. ఎవరు పోయారో దారానికేం తెలుసుద్ది అందంట ఈవిడ. దారానికి తెలుసనుకో.

నెలన్నా తిరగలా. ఒకరోజు పొద్దున్నే సద్దన్నం తింటా తింటా ముద్ద వదిలేసి రొమ్ము పట్టుకుంది. గుండె దడదడా కొట్టుకుని టక్కున ఆగుతోందంట, మళ్ళీ కొట్టుకుంటోందంట. నాతో చెప్పింది, వదినా, మెట్టుందనుకుని కాలేస్తే మెట్టు లేకపోతే ఎట్టుంటదో అట్టుంటది, ప్రతిసారీ ఇదే ఆఖరనుకుంటన్నా అని. ఇక రోజూ అదే. తెల్లారంగానే మొదలు, బువ్వ వేళకి ఆగుద్ది, మళ్ళీ మొదలు, దీపాలు పెట్టే వేళకి తగ్గుద్ది. రాత్రిళ్ళు హాయిగా నిద్రపోయేది, అదీ చిత్రం. ఆరెంపీ దగ్గరికి పోతే గ్యాసన్నాడు. తాయెత్తు కట్టించుకుంది. శేషగిరి టౌనులో గుండె డాక్టరు దగ్గరికి తీసకపోయాడు, ఒకసారి కాదు, నాలుగు నెలలు, నాలుగు సార్లు. బల్ల మీద పడుకోబెట్టి వైర్లు తగిలించంగానే గుండె సాధువైపోయేది. నీ గుండెకేం లేదమ్మా, బెంగ తగ్గించుకో అనేవాడాయన. శేషగిరి మంచోడే, ఆఖరికి ఆయనకీ విసుగొచ్చి, పని తప్పించుకోడానికి ఇన్ని నాటకాలా అనేశాడు. ఆ మాటకి చౌడమ్మ చిక్కి సగమైపోయింది. నా మాట ఒక్కళ్ళన్నా నమ్మకుండానే పోతానేమో వదినా అని ఏడిచేది. 

మా వీధిలో గురవయ్య తాతని ఒకాయన అంచులు గీసేవాడు. గళ్ళ కాయితం మీద గడికో పోగు లెక్కన గీసిస్తే మేం నేసేవాళ్ళం. ఆయన అడిగాడు, అమ్మాయ్, డాక్టరు దగ్గరికి ఏ రోజున పోయారూ అని. ఇంకే రోజు పోతాం తాతా, అమావాస్య నాడే అంది చౌడమ్మ. మీకు తెలవదేమో, అమావాస్య నాడు మేం మగ్గం ముట్టం. టౌనుకి పోవాలన్నా, పెళ్ళి చూపులన్నా, పన్ను పీకించుకోవాలన్నా మాకు ఆ రోజే.  తాత అన్నాడూ, ఆ రోజు సెలవు నీ ఒక్కదానికే కాదేమోనే, ఈసారి మగ్గాలాడే రోజు పో అని. అంటే, అమావాస్య నాడు రామలింగానికీ సెలవేనన్నమాట.

దశమి నాడు పోయాం, నేనూ తోడున్నా. పొద్దున పదింటికి బల్ల మీద పడుకుందో లేదో మొదలైంది. మిషన్లోంచి కాయితం బారెడు బయటికొచ్చింది. డాక్టరు దాన్ని వెలుగులోకి పట్టుకుని చూసి, ఉందమ్మా, నువ్వు చెప్పింది నిజమే, రెండు కొట్టుకుని ఒకటి ఆగుతోంది అన్నాడు. అంతే, చౌడమ్మ భోరుమంది. జబ్బుందంటే అంత సంతోషపడ్డ మనిషిని నేను యాడా చూడలా. నేనూ ఏడ్చాననుకో. డాక్టరు మాత్ర రాశాడు, రోజూ వేసుకోమన్నాడు, కాయితం చేతికిచ్చాడు. చివర్న గీత తిన్నగా పోయిందేందయ్యా అంటే, వైర్లు పీకేశాం కదమ్మా, అందుకని అన్నాడు.

ఆ కాయితం తెచ్చి గురవయ్య తాతకి చూపిచ్చింది. ఆయనకి గుండె కాయితం సంగతేం తెలుసు? గళ్ళున్నయ్యి, గళ్ళ మీద గీతుంది. అద్దాలు పెట్టుకుని, ఇది రామలింగం అంచు గదా, ఎవరు గీశారూ అన్నాడు. రెండు కొమ్మలు, ఖాళీ. రెండు కొమ్మలు, ఖాళీ. అటక మీద సగం చీర దింపమన్నాడు. చూద్దుము గదా, చీర మీద ఆఖరి కొమ్మ సగం ఎక్కి ఆగిపోయుంది. కాయితం మీద మొదటి కొమ్మ ఆ సగంలోంచే ఎక్కతా ఉంది. తాత వేలు పెట్టి లెక్కేశాడు. చీరలో మిగిలినయ్యి ఎన్ని కొమ్మలో కాయితంలో అన్నే, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఆయన దారాల మీదే కూర్చున్నావు గదమ్మా, ఆయన పని ఆయన చేసుకుంటన్నాడు, పూర్తి చేసేయ్ అన్నాడు తాత. చౌడమ్మ ఆ తిన్నటి గీత మీద వేలు పెట్టి, పూర్తయినాక ఇదేంది తాతా అంది. తాత అద్దాలు తీసి తుడుచుకుంటా కూర్చున్నాడు.

ఆ సగం చీర కొసలు మళ్ళీ మగ్గం మీద పోగులకి అతికి నేసింది. ఒక్కో కొమ్మ పడేకొద్దీ గుండె నెమ్మదించిందంట. అన్నీ వేసి, ఆఖరి కొమ్మ ఒక్కటి వెయ్యకుండా గుంటలోంచి లేచొచ్చేసింది. ఆ మగ్గం మీద దుప్పటి కప్పి, పక్క వసారాలో ఇంకో గుంట తవ్వించుకుంది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బతికింది. మాత్ర వల్ల తగ్గిందని డాక్టరన్నాడు, కొమ్మ వదలబట్టి తగ్గిందని గురవయ్య తాతన్నాడు. చౌడమ్మ మాత్రా మానలా, కొమ్మా ఎయ్యలా. ప్రాణం గదా, రెండేపులా పట్టుకుంది.

మొన్న కార్తీకంలో పోయింది. ఆ పొద్దున నేను వాకిలి చిమ్మతన్నా, టకా టకా, ఆగుడు వినపడింది. ఎవరో నేస్తన్నార్లే అనుకున్నా. ఇప్పుడు మా వీధిలో ఆడేయి మూడు మగ్గాలు, ఆ మూడిళ్ళోళ్ళూ ముందు రోజే పెళ్ళికి పోయారు. ఆ సంగతి నాకు చీపురు కింద పెట్టినాక గుర్తొచ్చింది. వాళ్ళింటికి పోయేసరికి చౌడమ్మ మంచం మీద చల్లగా ఉంది. ఆ మనిషి గుంటలో దిగి నాలుగేళ్ళయింది, లేచి కూర్చోడమే కష్టం. చౌడమ్మ కోడలు ఆ పాత మగ్గం మీద దుప్పటి తీసింది. ఆఖరి కొమ్మ వేసుంది. అడ్డదారం తోసే నాడె ముట్టుకున్నా, నేసే ముందు తడిపే దారపు కండె లోపల ఇంకా తడిగా ఉంది.

ఇప్పుడా కోడలు, పడుగు బాగానే ఉందత్తా, కొత్తది అతుక్కుంటా అంటంది. చదువుకున్న పిల్ల, మనం చెప్తే వినదు. పోగులన్నీ కోసి పారెయ్యవే తల్లీ, మొదట్నించీ ఎక్కించుకోవే, రెండు రోజులు పోతే పోయినయ్యి అంటన్నా. రేపు అమావాస్య, మగ్గం ముట్టదు. ఎల్లుండి పొద్దున్నే కత్తెర తీసుకుని నేనే పోతా.