అసేన్ ఉపవాసం

కొడుకు అసేన్ లివర్ జబ్బుతో పోయిన నలభయ్యో రోజున ప్లోవ్‌దివ్ ఊరి శ్మశానంలో ఆచారం ప్రకారం ఉడికించిన గోధుమలు పంచి, అందరూ వెళ్ళాక తల్లి కూతురి చెయ్యి పట్టుకుంది.

“ఎలుకల్ని పస్తులుంచి వాటి లివర్ చూస్తావుగా. ఏం తేలిందే?”

“పస్తుంటే లివర్ కణాల్లో జన్యువుల్ని నడిపే రసాయన గుర్తులు మారతాయమ్మా. మగవాటిలో ఒకలా, ఆడవాటిలో ఒకలా.”

“అంటే, ఆడపిల్లవి నిన్నేం చెయ్యని ఉపవాసమే వాడి లివర్‌ని తినేసింది. బలవంతంగా ఉంచింది నేనే.”

“ఎలుకల్ని చూసి అలా చెప్పలేం. అయినా వాడు ఉపవాసం ఉంటేగా! ఈస్టర్ ముందు ఉపవాసాలన్నాళ్ళూ రోజూ నా లాబ్‌కొచ్చి కబాబులు తినేవాడు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు.”

తల్లి మండిపడుతుందనుకుంది కూతురు. ఆమె వంగి సమాధి మీద మట్టి సర్దింది.

“కడుపునిండా తినేవాడా?”

“తినేవాడమ్మా.”

ఇన్నాళ్ళూ రాని ఏడుపు తల్లికి అప్పుడొచ్చింది.