అబీదా బీ వెనకగది

ఏమప్పా అరుణూ, ఆ వెనకగదిని బాడుగకు చూస్తాండావా? అది అబీదా బీ గది. కూచో, చెప్తా. రెండువేల పదిహేడు, మే పద్నాలుగు, ఆదివారం. ఎండ నలభైమూడు దాటింది, మధ్యాన్నానికి ఉడుకుగాలి లేసి మన కల్లూరంతా దుమ్ము. ఆ దుమ్ములో చర్చిలో పనిచేసే శామ్ ఒక ముసలాయన్ని ఆటోలోంచి దింపినాడు. పేరు ఏసేపు, రైల్వే స్టేషన్ కాడ పండుకునే మనిషి. బాడుగ చర్చోళ్లే కడతారంట, తలదాచుకోను గది చాలంట. ఎవరిస్తారప్పా? బాడుగకిచ్చే మన ఇండ్లోళ్ల సంగతి తెల్దా! బాడుగకున్నోడు మంచాన పడితే ప్రాణముండంగానే బయటికి పంపిస్తారు, ఇంట్లోంచి శవం లేస్తే మళ్లీ ఎవరూ దిగరని. దేవేంద్రప్ప లేడూ, మూడంతస్తులు కట్టి, లిఫ్టు పెట్టించి, దాంట్లో ఉల్లిగడ్డ మూటలేసుకున్నాడు... సరే, అదట్ల పెట్టు. "గది ఉండాది గానీ, ఈయప్ప పోతే ఎవరెత్తకపోతారు?" అన్నాడు, ఏసేపు మొగం మీదనే! "ఇంకా పోలేదు గదా సామీ" అన్నాడు ఏసేపు.

బొంతలు కుట్టే అబీదా బీ అదంతా వాకిట్లో నిలబడి వింటాండాది. మొగుడు లేడు, పిల్లల్లేరు. "నా వెనకగది ఖాళీనే. పోతే నేనే సాగనంపుతా, రా పెద్దాయనా" అనింది. రెండేండ్లున్నాడప్పా ఆ గదిలో. ఆయమ్మకు పాతచీరలు కత్తిరించి ఇచ్చేటోడు, ఆదివారమైతే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని చర్చికి పోయేటోడు. నేను నెత్తీనోరూ కొట్టుకున్నా. "అమ్మా, నీ తర్వాత ఆయప్ప గతేంది? ఆయప్పను ఉండనిస్తానని నీ అన్నకొడుకు దావూద్‌తో నలుగురి ముందర ఒక మాట అనిపించు" అని. వినిందా? "ముందు పోయేది ఆయనే గదన్నా, నా ఈడేంది, ఆయన ఈడేంది" అని నవ్వింది. వీధంతా అదే లెక్క! శామైతే ఆయనకు సమాధికి జాగా గూడా మాట్లాడి పెట్టినాడు, బుద్ధిమంతుడు. పోయిందెవరు? ఆయమ్మ! యాభై దాటిందో లేదో, కుట్టుమిషను ముందర కూచున్నది కూచున్నట్టే. జనాజా వెనకాల ఏసేపు ఆ ఎండలో చెప్పుల్లేకుండా నడిచినాడు.

దావూద్ బద్వేలు నుంచి వచ్చినాడు. చెడ్డోడు గాదు. "సారూ, ముసలాయన ఇంట్లోనే పోతే ఇల్లు ఎవరికి అమ్మేది?" అన్నాడు శామ్‌తో. శామ్ మళ్లీ గడపగడపా ఎక్కినాడు, ఒక్కరన్నా తలుపు తీస్తే కదా! ఇంకేముంది, ఏసేపు మళ్లీ స్టేషన్ కాడికే. ఇల్లు దావూద్‌కు. మిషను పక్కింటి షమాకు. సగం కుట్టిన బొంత నాకు. ఏసేపుకు ఏమీ లేదు.