మూడో అర్రకు పందిరి

“నా తాన ఉన్నయే నూటపది రూపాయలు. గిర్ని ఇంజనుకు పదకొండు వందలు. మన జొన్నలు పిండి పట్టనీకె మంచిర్యాల దాక ఎందుకు పోవాలె అని, తక్కువ పడ్డ పైసలకు ఇల్లు కుదువ పెడుదామని బ్యాంకుకు పోయిన” అంటూ హనుమండ్లు చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. చెన్నూరులో దుర్గవ్వ హోటల్, బెంచీ నిండా జనం.

“ఇచ్చిండ్రా?” అన్నాడు పోశం.

“ఉట్టిగ ఇస్తరా? కాయితంల రెండర్రలు. గిర్ని కోసం పంచాయతిని అడగకుంట వాకిట్ల నేను లేపింది మూడోది. కాయితానికి ఇంటికి లెక్క కలువకపోతే పైస ఇయ్యరు. బ్యాంకు అంబదాస్ సారు ఇల్లు చూడ వస్తుండని తెలిసింది. అప్పుడు నేనేం చేసిన్నో ఎర్కేనా? నేరెడు కొమ్మలు కొట్టుకొచ్చి అర్ర చుట్టూ కట్టిన, పైన కప్పిన. పెండ్లి పందిరి! పదహారు రోజుల పండుగ కాంగనే ఇప్పేదానికి పర్మిషన్ ఎందుకు?”

“పందిరికి ఇటుక గోడలుంటయా?” అంది దుర్గవ్వ.

“సారు గదే అడిగిండు. గాలిదుమారం రోజులు సార్, ఎగిరిపోకుంట ఇటుకలు ఒరగపెట్టినం అన్న. పెండ్లి ఎవరిదన్నడు. నాదే అన్న. పిల్ల ఏదన్నడు. మందమర్రి నుంచి వస్తుంది, జర కూసోండ్రి అన్న. కూసున్నడు, ఇగ లేవడే! పందిరి జూసి డప్పులోళ్లు వచ్చిండ్రు, డప్పులిని చుట్టాలు వచ్చిండ్రు. గోదారి మీద పడవలు ఎంత మందమంటే, అవతలి ఒడ్డోళ్లు పడవల మీదనే నడిచొచ్చిండ్రు, కాలు తడవలే. మందమర్రిల సైరన్ కూసినా బొగ్గుబాయిల ఒక్కడు దిగలే. బంతికి ఇన్నూరు, ఇరవై బంతులు, నాలుగువేల విస్తర్లు!”

“మేం ఊళ్లె లేమారా?” అన్నాడు పోశం.

“మీరు జాతరకు పోయిండ్రు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముహూర్తం దాటుతుందని అయ్యగారు పరేషాన్. బాసర మొక్కు తీర్చుకొని పోతున్న ఒక పిల్ల బంతిల కూసుంది. సారు ఆమెను జూసిండు, ఆమె సారును జూసింది. సారుతోనే పుస్తె కట్టిచ్చినం! నా అర్ర ముంగట్నే అరుంధతిని చూసినోడు నా ఇల్లు కుదువ పెట్టుకుంటడా? బ్యాంకునే నాకు కుదువ పెట్టిండు!”

మూలన కూర్చున్న పంచాయతి మెంబరు రాజలింగు తల ఎత్తాడు.

“అంబదాస్ సారుకు ముగ్గురు పిల్లలురా. పొద్దుగాల నాతోనే బస్సు దిగిండు. నీ ఇల్లు చూసేది రేపు గదా?”

హోటలంతా గొల్లుమంది. నవ్వు ఆగాక రాజలింగే అడిగాడు.

“కొమ్మలు కొట్టినవా?”

“ఇంకా కొట్టలే మామా. పోదామనుకుంటున్న.”

“పోకు. గోడ బాట మీదికి రాలే, నీ జాగలనే ఉన్నది. ఇయ్యాల మాపటికి పంచాయతి కూసుంటది. జుర్మాన కట్టి, అర్ర కొలతలతోని నక్ష గీసి తే. పాసు చేపిచ్చే జిమ్మ నాది. రేపు సారుకు ఆ కాయితం చూపెట్టు.”

“పాసైతదా మామా?”

“మా ఇంటిది మంచిర్యాల దాక జొన్నలు మోసి యాష్టపడ్డది. అయితది తీ.”

హనుమండ్లు అప్పటికే బెంచీ దాటాడు. “పోశన్నా, దర్జీ కైలాసం దుకాణం తెరిచిండా? టేపు కావాలె.”

“అంగీ కొలిచే టేపుతోని అర్ర కొలుస్తవా?”

“అంగీకైనా అర్రకైనా గజం గజమే గదనే” అంటూ అతను దర్జీ దుకాణం వైపు ఉరికాడు.