కొత్త కంప్యూటర్‌లోకి రాని పాటలు

ముందు గదిలో పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. లోపలి గదిలో, కొత్త కంప్యూటర్ ముందు, వాళ్లకి నాట్యం నేర్పే ఆవిడ భర్తతో తగువు పడుతోంది.

"ఏ పాట నొక్కినా ఫైలు దొరకలేదంటోందండీ!"

"కొత్త పెళ్లికూతురు కదే, సిగ్గుపడుతోంది."

"రేపే ప్రదర్శన. మీ కోతలు ఆపి, పాటలు ఎలా మార్చారో చెప్పండి."

"రెప్పపాటులో! పెన్‌డ్రైవ్‌లో ఇంకా ఓ ఏనుగు పట్టేంత చోటు మిగిలింది."

"కొంపదీసి తెర మీది బొమ్మలు లాగి అందులో పడేశారా?"

"బొమ్మ నొక్కితేనేగా పాట వచ్చేది?"

"అవి పాట ఉన్న చోటికి దారి చూపే బొమ్మలండీ! పాటలు పాత కంప్యూటర్ కడుపులోనే ఉండిపోయాయి. వెళ్లి పట్టుకురండి."

"దాన్ని కొత్తది అమ్మిన కొట్టువాడికి ఇచ్చేశానే. లోపలున్నదంతా నా ముందే చెరిపేశాడు."

"అయ్యో! మన పిల్లల అడుగులకి తగ్గట్టు దగ్గరుండి కట్టించుకున్న పాటలు, ఇంకెక్కడ దొరుకుతాయి?"

"నా బుద్ధి గడ్డి తింది. ఏం చెయ్యమంటావ్?"

"రోజూ స్నానాల గదిలో గొంతు చించుకునేది ఆ పాటలేగా? పదండి, మీరే పాడండి."

"నేనా? నా పాటకి పక్కింటి కుక్క ఊరొదిలి పోయిందే!"

"పిల్లలు పోకుండా తలుపు గడియ పెడతాను. పాడండి."